తీరని దాహం, గుక్కెడు నీరు
‘బెన్‌హర్’ చలనచిత్రంలోని క్రైస్తవ ఆధ్యాత్మిక సందేశం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు బడిలో చదివిన పిల్లలు చిన్ననాటనే కంఠస్థం చేసే వేమన పద్యాలలో ఒకటి శత్రువును గురించినది. చంపదగిన శత్రువే అయినా, తన చేత చిక్కినప్పుడు అతనికి కీడు చేయరాదనీ, మేలు చేసి పొమ్మనడమే చాలుననీ దాని భావం. పద్యం అప్పజెప్పడం కష్టమేమీ కాదు. తాత్పర్యం రాసి మార్కులు తెచ్చుకోవడమూ కష్టం కాదు. కాని నిజంగా అన్యాయానికి గురైన మనిషి, నిజంగా శత్రువు చేతికి చిక్కిన రోజున, ఆ పద్యం చెప్పినట్టు చేయగలడా? చేయాలంటే అతని హృదయంలో ముందుగా ఏమి జరగాలి? నీతిపద్యం కర్తవ్యాన్ని చెబుతుంది. ఆ కర్తవ్యానికి కావలసిన బలం ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆ ప్రశ్నను మూడున్నర గంటల సేపు విడువకుండా అడిగిన చలనచిత్రం ఒకటి ఉన్నది. అది 1959లో విడుదలైన ‘బెన్‌హర్’. చాలామందికి ఆ పేరు వినగానే గుర్తుకు వచ్చేది రథాల పందెం. నాలుగేసి గుర్రాలు పూన్చిన రథాలు, దుమ్ము, విరిగిపడే చక్రాలు, వేలమంది ప్రేక్షకుల కేకలు. ఆ దృశ్యం గొప్పదే. అయితే ఆ చిత్రంలోని ఆధ్యాత్మిక పాఠం పందెంలో లేదు. పందెం ముగిసిన తరువాత ఉన్నది.

ముందుగా ఆ కృతి పుట్టుక గురించి కొంత తెలుసుకోవడం మంచిది. 1880లో అమెరికాలో లూ వాలెస్ ‘బెన్‌హర్’ నవలను ప్రచురించాడు. అది క్రీస్తు కథ అని ఉపశీర్షికలోనే చెప్పుకొన్నాడు. వాలెస్ మతాచార్యుడు కాడు. అమెరికా అంతర్యుద్ధంలో సేనానిగా పోరాడినవాడు, తరువాత న్యూ మెక్సికో ప్రాంతానికి గవర్నరుగా పనిచేసినవాడు. 1876లో ఒక రైలు ప్రయాణంలో ప్రసిద్ధ హేతువాది రాబర్ట్ ఇంగర్‌సోల్‌తో జరిగిన సంభాషణ, మత విషయాలలో తనకెంత తక్కువ తెలుసునో తనకు చూపించిందని ఆయన తరువాత రాసుకొన్నాడు. ఆ లోటును తీర్చుకోవడానికి చేసిన అధ్యయనమే నవలకు జీవం పోసింది. 1925లో ఈ కథ మూకీ చిత్రంగా వచ్చింది. ఆ చిత్రంలోని రథాల పందెం చిత్రీకరణకు పనిచేసిన అనేకమంది సహాయకులలో ఒక యువకుడు విలియం వైలర్. ముప్పది నాలుగేళ్ల తరువాత అదే కథకు ఆయనే దర్శకుడయ్యాడు. ఆ చిత్రం 11 ఆస్కార్ బహుమతులు పొందింది. 1997లో వచ్చిన ‘టైటానిక్’, 2003లో వచ్చిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడవ భాగం ఆ సంఖ్యను అందుకొన్నాయి.

వైలర్ జన్మతః యూదుడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధవిమానాలలో కూర్చుని చిత్రీకరణ చేస్తూ ఒక చెవి వినికిడిని పోగొట్టుకొన్నవాడు. ఐరోపా యూదులపై జరిగిన ఘోరాలు లోకానికి తెలిసి అప్పటికి పదిహేనేళ్లయినా కాలేదు. అటువంటి కాలంలో, అటువంటి దర్శకుడు, ఒక యూదుడు తన కుటుంబాన్ని నాశనం చేసినవారి పట్ల ద్వేషాన్ని విడిచిపెట్టే కథను తెరకెక్కించాడు. క్షమ అనేది కష్టమెరుగని వారు చెప్పే సుకుమారమైన మాట అనుకొనేవారు ఈ సంగతిని గమనించవలసి ఉన్నది.

కథ యెరూషలేములో నడుస్తుంది. యూదా బెన్‌హర్ సంపన్న కుటుంబీకుడైన యూదు యువకుడు. మెస్సాలా రోమనుడు. ఇద్దరూ బాల్యమిత్రులు. ఏళ్ల తరువాత మెస్సాలా రోమను దళాధిపతిగా ఆ నగరానికి తిరిగి వస్తాడు. మిత్రులిద్దరూ ఆలింగనం చేసుకొంటారు. చిన్ననాటి ఆటను తలచుకొని, పైకప్పు దూలాలు ఒకదానినొకటి దాటే చోటికి ఈటెలు విసురుతారు. రెండు ఈటెలూ పక్కపక్కనే గుచ్చుకొంటాయి. ఆ దూలాలు సిలువ ఆకారంలో ఉన్నాయన్న సంగతి చిత్రాన్ని రెండవసారి చూసినవారికి గాని తట్టదు. స్నేహం ఎంతో కాలం నిలువదు. రోమును ఎదిరించే యూదుల పేర్లు చెప్పమని మెస్సాలా అడుగుతాడు. తన వారిని అప్పగించలేనని యూదా తిరస్కరిస్తాడు. స్నేహితుడివా, శత్రువువా తేల్చుకొమ్మన్న స్థితి అక్కడ ఏర్పడుతుంది.

కొద్దికాలానికి కొత్త గవర్నరు ఊరేగింపు వస్తుంది. యూదా చెల్లెలు తిర్జా మేడ మీది నుండి చూస్తూ పిట్టగోడకు ఆనుకోగా పెంకులు జారి వీధిలో పడతాయి. గవర్నరు గాయపడతాడు. సైనికులు ఇంటిల్లిపాదినీ బంధిస్తారు. మెస్సాలా ఒంటరిగా ఆ మేడ మీదికి వెళ్తాడు. పెంకులను చేతితో తాకి చూస్తాడు. అవి వదులుగా ఉన్నాయి. జరిగింది ప్రమాదమేనని అతనికి అర్థమవుతుంది. అయినా శిక్ష రద్దు చేయడు. బాల్యమిత్రుని కుటుంబాన్నే శిక్షిస్తే ఊరంతా భయపడుతుందని అతని లెక్క. యూదాను ఓడలో తెడ్లు వేసే బానిసగా పంపుతాడు. తల్లి మిరియమునూ, తిర్జానూ చెరసాలలో వేయిస్తాడు.

ఈ ఘట్టంలో గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. యూదాకు జరిగిన అన్యాయాన్ని చిత్రం ఎక్కడా తగ్గించి చూపదు. అపార్థమనో, పొరపాటనో దాటవేయదు. మెస్సాలా తెలిసి చేశాడు. క్రైస్తవ ధర్మం చెప్పే క్షమ, జరిగిన తప్పును తప్పు కాదనడం కాదు. తప్పే లేకపోతే క్షమించవలసిన అవసరమే లేదు. తప్పు నిజమైనది, గాయం లోతైనది అని ఒప్పుకొన్న తరువాతనే క్షమకు అర్థం ఏర్పడుతుంది.

సంకెళ్లతో సముద్ర తీరానికి నడిపించుకొని పోతున్న ఖైదీల వరుస నజరేతు అనే చిన్న ఊరిలో ఆగుతుంది. అందరికీ నీళ్లు దొరుకుతాయి. యూదాకు మాత్రం ఇవ్వవద్దని అధికారి ఆజ్ఞాపిస్తాడు. యూదా నేలమీద పడిపోతాడు. ప్రాణం పోయే సమయంలో దేవుని సహాయం కోరుతాడు. అప్పుడు వడ్రంగి పని చేసుకొంటున్న ఒకాయన లేచి వచ్చి, అతని తల నిమిరి, ముఖం కడిగి, నీరు తాగిస్తాడు. అధికారి కొరడా పట్టుకొని కేకలు వేస్తూ వస్తాడు. ఆ మనిషి లేచి నిలబడతాడు, అంతే. ఒక్క మాట అనడు. అధికారి ఆయన ముఖంలోకి చూస్తాడు, తడబడతాడు, వెనక్కు తిరుగుతాడు, మళ్లీ చూస్తాడు, చివరకు ఏమీ చేయలేక పక్కకు తప్పుకొంటాడు.

ఈ చిత్రంలో క్రీస్తు ముఖం ఎక్కడా కనిపించదు. ఆయన కంఠం వినిపించదు. ప్రేక్షకునికి కనిపించేది ఆయన వీపు, చేతులు, ఆయనను చూసిన ఇతరుల ముఖాలు మాత్రమే. తెలుగువారికి ఇది కొంత వింతగా తోచవచ్చు. 1978లో భీమ్‌సింగ్ దర్శకత్వంలో వచ్చిన ‘కరుణామయుడు’లో విజయచందర్ ధరించిన క్రీస్తు పాత్ర ముఖం లక్షలాది మంది మనసులలో నిలిచిపోయింది. ఆ చిత్రం అనేక భాషలలోకి వెళ్లి దేశమంతటా పల్లెలలో ప్రదర్శితమైంది. ముఖం చూపడం ఒక పద్ధతి. అందులో ఆత్మీయత ఉన్నది. చూపకపోవడం మరొక పద్ధతి; అందులో ఒక ప్రశ్న ఉన్నది. ఆయనను కలిసిన మనిషి ముఖంలో ఏ మార్పు వచ్చిందన్నదే ఆ ప్రశ్న. కొరడా పట్టిన చేయి దిగిపోవడం కంటే ఆయన సాన్నిధ్యానికి వేరే సాక్ష్యం అక్కరలేదని ఈ చిత్రం భావించింది. విశ్వాసి జీవితానికి కూడా ఇదే కొలత. ఒకడు క్రీస్తును ఎరుగునా లేదా అన్నది అతడు చెప్పే మాటలలో కంటే, అతని చేతిలోని కొరడా ఏమయిందన్న దానిలో తెలుస్తుంది.

నజరేతు నీటిలో మరొక పాఠం ఉన్నది. యూదా ఆ నీటికి అర్హత సంపాదించుకోలేదు. అతడు మంచివాడా, చెడ్డవాడా అని ఇచ్చినవాడు అడగలేదు. తిరిగి ఏమి ఇస్తావని అడగలేదు. పేరు కూడా అడగలేదు. క్రైస్తవులు కృప అని పిలిచేది దీనినే. యోగ్యత చూసి ఇచ్చేది బహుమానం. దాహం చూసి ఇచ్చేది కృప. అయితే కృప పొందినవాడు వెంటనే మారిపోతాడని ఈ చిత్రం చెప్పదు. యూదా నీరు తాగి బ్రతికాడు. కాని బ్రతికింది పగ తీర్చుకోవడానికే అనుకొన్నాడు.

తరువాత మూడేళ్లకు పైగా ఓడ అడుగున చీకటిలో తెడ్డు వేస్తాడు. అక్కడ అతనికి పేరు లేదు, 41 అనే సంఖ్య తప్ప. సేనాధిపతి క్వింటస్ ఏరియస్ అతని కళ్లలోని ద్వేషాన్ని చూసి, అది మంచిదేననీ, ద్వేషం మనిషిని బ్రతికిస్తుందనీ, బలాన్నిస్తుందనీ అంటాడు. చిత్రంలోని ముఖ్యమైన మాటలలో ఇది ఒకటి. దీనిలో అబద్ధం లేదు. ద్వేషం నిజంగానే యూదాను బ్రతికించింది. చాలా ఇళ్లలో పెద్దలు, ‘అవమానాన్ని మరచిపోకు, అది ఉంటేనే పైకి వస్తావు’ అని పిల్లలకు చెప్పడం కద్దు. ఆ మాటతో పైకి వచ్చినవారూ ఉన్నారు. ద్వేషం ఇంధనం వంటిది. మంట మండినంత సేపు ఓడ కదులుతుంది. ఆ ఇంధనం ఓడ చెక్కలనే తింటున్నదని తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

అయినా ఆ ఓడలోనే మరొక సంఘటన జరుగుతుంది. యుద్ధానికి ముందు ఏరియస్ ఎందుకో యూదా కాలి సంకెల మాత్రం విప్పించి ఉంచుతాడు. ఓడ బద్దలైనప్పుడు యూదా తోటి ఖైదీలను విడిపిస్తాడు. సముద్రంలో పడిన ఏరియస్‌ను కాపాడతాడు. ఓడిపోయాననుకొని ప్రాణం తీసుకోబోయిన అతనిని ఆపుతాడు. రోమును ద్వేషించేవాడు ఒక రోమను సేనాధిపతిని రక్షించాడు. దీనికి అతని దగ్గర సమాధానం లేదు. నజరేతులో తాగిన నీరు లోపల ఎక్కడో పనిచేస్తూనే ఉన్నదని ప్రేక్షకుడు అనుకోవచ్చు. ఏరియస్ అతనిని రోముకు తీసుకొని వెళ్లి, దత్తపుత్రునిగా స్వీకరించి, తన ఉంగరాన్ని ఇస్తాడు. బానిస కొడుకయ్యాడు. బైబిలు తెలిసినవారికి ఇది కూడా పరిచితమైన మార్గమే.

కాని యూదా మనసు యెరూషలేములోనే ఉన్నది. తిరిగి వచ్చి తల్లి, చెల్లెలు ఎక్కడున్నారని అడుగుతాడు. వెతికించగా వారు చెరసాల గదిలో కుష్ఠువ్యాధి బారిన పడి కనిపిస్తారు. భటులు వారిని ఊరి వెలుపలికి తరిమేస్తారు. వారు రాత్రివేళ తమ పాత ఇంటికి వచ్చి, ఆ ఇంటి నమ్మకస్థుని కుమార్తె ఎస్తేరును కలుసుకొని, తమ స్థితిని యూదాకు చెప్పవద్దని ప్రమాణం చేయించుకొంటారు. కుమారుడు తమను ఆ స్థితిలో చూడరాదని ఆ తల్లి కోరిక. వారు చనిపోయారని ఎస్తేరు యూదాకు చెబుతుంది. యూదా రథాల పందెంలోకి దిగుతాడు.

పందెం సంగతి అందరికీ తెలిసినదే. మెస్సాలా రథచక్రానికి ఎదుటి రథాలను చీల్చే ఇనుప కోరలు బిగించి ఉంటాయి. యూదా రథానికి షేక్ ఇల్డెరిం పెంచిన నాలుగు తెల్లని గుర్రాలు. పందెంలో మెస్సాలా తన రథం నుండే పడిపోయి, ఈడ్వబడి, నలిగిపోతాడు. యూదా గెలుస్తాడు. పిలాతు అతని తలపై విజయకిరీటం ఉంచుతాడు. సినిమాహాలు చప్పట్లతో మారుమోగేది ఇక్కడే. చెడ్డవాడికి తగిన శాస్తి జరిగింది. మామూలు కథ అయితే ఇక్కడ తెర వేయవలసినదే. కాని వైలర్ తెర వేయడు. ఇంకా చాలా కథ మిగిలి ఉంటుంది. కొందరు ప్రేక్షకులు ఆ భాగాన్ని సాగదీతగా భావిస్తారు. నిజానికి ప్రేక్షకుడు కొట్టిన చప్పట్లకు చిత్రం లెక్క అడిగేది ఆ భాగంలోనే.

మరణశయ్యపై ఉన్న మెస్సాలా, యూదా వచ్చేవరకు తన కాళ్లు తీసివేయడానికి వైద్యుని అనుమతించడు. సగం మనిషిగా శత్రువుకు కనిపించడం అతనికి ఇష్టం లేదు. యూదా వస్తాడు. వేమన పద్యంలో చెప్పిన స్థితి ఇదే. శత్రువు చేతికి చిక్కాడు. అక్కడ శత్రువెవరూ కనిపించడం లేదన్నట్టు యూదా మాట్లాడతాడు. ఆ క్షణంలో జాలి కొంత ఉన్నది. కాని మెస్సాలా తన దగ్గర మిగిలిన చివరి ఆయుధాన్ని వాడతాడు. తల్లి, చెల్లెలు బ్రతికే ఉన్నారనీ, కుష్ఠురోగుల లోయలో వెతుక్కొమ్మనీ చెబుతాడు. పందెం ఇంకా ముగియలేదన్న అర్థంలో మాట్లాడి ప్రాణం విడుస్తాడు. మరణించేవాడు ఆస్తి రాసి ఇచ్చినట్టు, అతడు తన ద్వేషాన్ని యూదాకు రాసి ఇచ్చి పోయాడు. శత్రువు చనిపోయినా శత్రుత్వం చనిపోలేదు. ఇప్పుడు ద్వేషించడానికి యూదాకు ఒక మనిషి కాదు, మొత్తం రోము దొరికింది.

గెలిచినవాని ముఖంలో ఈ ఘట్టం తరువాత ఆనందమన్నది కనిపించదు. కొండమీద క్రీస్తు బోధిస్తున్నాడు. వృద్ధుడైన బల్తజారు, చిన్ననాడు నక్షత్రాన్ని చూసి వచ్చిన ఆ బిడ్డ ఈయనేనని గుర్తించి, యూదాను కూడా రమ్మంటాడు. యూదా రాడు. తనను తీసుకొని పోతున్న రోజున ఒకరు నీరు ఇచ్చి బ్రతికించారనీ, ఆ నీటిని ఇసుకలో పారబోసి ఉంటే బాగుండేదనీ, తన దాహం ఇంకా తీరలేదనీ అతడు అంటాడు. చిత్రం మొత్తానికి కీలకం ఈ మాటలే. పగ తీరింది, దాహం తీరలేదు. పగ తీరితే మనసు చల్లబడుతుందని లోకం చెప్పే మాట నిజం కాలేదు. ఉప్పునీరు తాగినవాని దాహంలా అది పెరిగింది.

అతనిని ప్రేమించిన ఎస్తేరు అప్పుడు అతనికి ఒక కఠిన సత్యం చెబుతుంది. ద్వేషం అతనిని రాయిగా మారుస్తున్నదనీ, చూడబోతే అతడే మెస్సాలా అయిపోయినట్టున్నాడనీ అంటుంది. యూదా నిర్ఘాంతపోతాడు. చిత్రంలో అతనిని ఓడించినది మెస్సాలా కాదు, ఈ మాట. ఎవరిని నాశనం చేయాలని ఇన్నేళ్లు బ్రతికాడో వాని రూపమే తన అద్దంలో కనిపించింది. ద్వేషించినవాడు ద్వేషించబడినవాని పోలికలోకి మారడం ప్రతి ఊరిలో, ప్రతి పాలివారి తగాదాలో కనిపించే సంగతే. ఎదుటి పక్షం అబద్ధం ఆడిందని తాము ఆడతారు. వారు ఇంటికి రానివ్వలేదని తాము గడప తొక్కనివ్వరు. కొన్నాళ్లకు ఎవరు మొదలుపెట్టారో బయటివారికి తెలియనంతగా ఇరుపక్షాలూ ఒకే తీరుగా తయారవుతాయి.

ఇక్కడ ఎస్తేరు మార్గం ప్రత్యేకంగా గమనించదగినది. యూదా పగ కోసం పరుగెత్తుతున్న రోజులలోనే ఆమె కుష్ఠురోగుల లోయకు అన్నం మోసుకొని వెళ్లేది. అందరూ దూరం జరిగే చోటికి ఆమె దగ్గరగా వెళ్లింది. మిరియమునకు, తిర్జాకు యూదా ద్వేషం ఒక్క పూట తిండి పెట్టలేదు. ఎస్తేరు బుట్ట పెట్టింది. ఈ మార్గంలో నడిచినవారు ఈ గడ్డపైనా ఉన్నారు. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి నెలకొల్పింది. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, వంకరపోయిన రోగుల చేతివేళ్లకు శస్త్రచికిత్స చేసి మళ్లీ పనికి వచ్చేటట్టు చేశాడు. అప్పటి కథలో అద్భుతం వల్ల తప్ప నయం కాని ఆ వ్యాధి నేడు మందులతో పూర్తిగా నయమవుతుంది. కాబట్టి చిత్రంలోని ఆ లోయను చూసే నేటి పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పడం పెద్దల బాధ్యత. లేకపోతే కరుణ నేర్పవలసిన దృశ్యం భయాన్ని నేర్పుతుంది.

ఎస్తేరు మాట తరువాత యూదా తల్లిని, చెల్లెలిని కలుసుకొంటాడు. వారిని క్రీస్తు వద్దకు తీసుకొని వెళ్లాలని నగరంలోకి వస్తాడు. వీధులు నిర్మానుష్యంగా ఉన్నాయి. క్రీస్తుకు అప్పటికే మరణదండన విధించబడింది. సిలువ మోస్తూ వెళ్తున్న ఆయన పడిపోతాడు. ఆ ముఖాన్ని చూసిన యూదాకు నజరేతు గుర్తుకు వస్తుంది. పరుగున నీరు ముంచుకొని వచ్చి ఆయనకు అందిస్తాడు. సైనికులు అడ్డుపడి అతనిని నెట్టివేస్తారు. ఒకనాడు సంకెళ్లలో ఉన్నవాడు నీరు పొందాడు. నేడు నీరు ఇచ్చినవాడు సంకెళ్లలో ఉన్నాడు. పొందిన కృపకు మనిషి ఇవ్వగలిగిన బదులు ఇంతే, ఒక గిన్నెడు నీరు. అదీ పూర్తిగా ఇవ్వనివ్వరు. అయినా ఆ ప్రయత్నంలోనే యూదా మారడం మొదలయింది. ఏళ్ల తరువాత మొదటిసారి అతడు తన గాయాన్ని కాక మరొకరి గాయాన్ని చూశాడు.

సిలువ దగ్గర యూదా నిలబడి ఉంటాడు. తనను చంపుతున్నవారు ఏమి చేస్తున్నారో ఎరుగరు గనుక వారిని క్షమించమని క్రీస్తు తండ్రిని ప్రార్థించడం వింటాడు. ఇంటికి వచ్చి ఎస్తేరుతో ఆ సంగతి చెబుతాడు. ఆ స్థితిలో కూడా క్షమించాడా అని ఆమె ఆశ్చర్యపడుతుంది. ఆ కంఠస్వరం తన చేతిలోని ఖడ్గాన్ని తీసివేసినట్టు తనకు తోచిందని అతడు అంటాడు. ఈ వాక్యంలోని కర్త ఎవరో గమనించాలి. యూదా తానే కత్తి పారవేశానని చెప్పడు. కత్తి తీసివేయబడింది. క్రైస్తవ బోధలో క్షమకూ, కేవల నీతిబోధలో క్షమకూ తేడా ఇక్కడ తెలుస్తుంది. క్షమ మనిషి తన గుండె బలంతో సాధించే ఘనకార్యం కాదు. తాను ముందుగా క్షమించబడ్డాననీ, తన దాహానికి ముందుగా ఎవరో నీరిచ్చారనీ తెలిసినవాని చేతి నుండి కత్తి దానంతట అదే జారిపోతుంది. వేమన పద్యం కోరిన పనికి కావలసిన బలం ఎక్కడిదన్న ప్రశ్నకు ఈ చిత్రం ఇచ్చే సమాధానం ఇదే.

ఆ సమయంలోనే గాలివాన వస్తుంది. సిలువ పాదం వద్ద రక్తంతో కలిసిన వాననీరు వాగులుగా ప్రవహిస్తుంది. గుహలో తలదాచుకొన్న మిరియము, తిర్జా స్వస్థులవుతారు. నజరేతులో ఒక్కనికి దొరికిన గుక్కెడు నీరు ఇప్పుడు నేలంతటికీ వాన అయింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. అన్యాయం చేసినవారిని క్షమిస్తూ పోతే అన్యాయానికి అంతమెక్కడ? రోము అట్లాగే ఉన్నది గదా? ఇది తేలికగా తోసివేయదగిన ప్రశ్న కాదు. చిత్రం దీనికి ఇచ్చే సమాధానం మొదటి ఘట్టంలో ఉన్నది. తన వారి పేర్లు చెప్పమన్నప్పుడు యూదా చెప్పలేదు. స్నేహం పోయినా, సంపద పోయినా చెప్పలేదు. చివర క్షమించిన యూదా, ఆనాడు నిరాకరించినందుకు పశ్చాత్తాప పడడు. పందెం తరువాత రోము ఇచ్చిన గౌరవాన్నీ అతడు తిప్పి పంపుతాడు. అన్యాయంలో భాగస్వామి కాకపోవడం వేరు, అన్యాయం చేసినవానిపై పగ పెంచుకోవడం వేరు. మొదటిది ధర్మం, అది చివరివరకూ నిలిచింది. రెండవది దాహం, అది తీరింది. చట్టం తన పని చేయవచ్చు, చేయాలి. న్యాయం కోరేవాని చేతిలో వినతిపత్రం ఉండవచ్చు, సాక్ష్యం ఉండవచ్చు. కోరల చక్రం ఉండనక్కరలేదు.

మరొక లోటును కూడా ఒప్పుకోవాలి. యూదా క్షమించే వేళకు మెస్సాలా బ్రతికి లేడు. బాల్యమిత్రులిద్దరూ మళ్లీ ఒక దూలం వైపు చూస్తూ నిలబడే అవకాశం లేదు. ఆలస్యంగా వచ్చిన క్షమ హృదయాన్ని బాగుచేయగలదు గాని, పోయిన మనిషిని తీసుకొని రాలేదు. చిత్రంలో ఎవరూ ఈ మాట పైకి అనరు. కాని పట్టుదలతో సోదరుల ఇళ్లకు పోని పెద్దలకు, పదేళ్లుగా ఉత్తరం రాయని స్నేహితులకు ఇది హెచ్చరిక వంటిది.

ఈ పాఠశాల వంటి సంస్థకు ఈ చిత్రంతో పని ఏమిటని అడగవచ్చు. విద్యార్థులలో అన్ని మతాలవారూ ఉంటారు. సిలువను ఆరాధించేవారికి అది రక్షణ మార్గం. ఇతరులకు అది ఆలోచింపదగిన ఆదర్శం. కాని దాహం అందరిదీ. సొంత ప్రాంతాన్ని వదిలి వచ్చి తరతరాలుగా పరభాషా ప్రాంతంలో స్థిరపడిన కుటుంబాలు వంటపాత్రలతో, పండుగలతో, పద్యాలతో పాటు పాత తగాదాలను కూడా మోసుకొని వస్తాయి. ఏ పొలం గట్టు దగ్గర మొదలయిందో ఎవరికీ గుర్తులేని తగాదాకు ఆ పొలాన్ని ఎన్నడూ చూడని మనుమడు వారసుడవుతాడు. మెస్సాలా చివరి మాట వంటిదే అది. బడి గోడల మధ్య కూడా ఇదే జరుగుతుంది. ఆరవ తరగతిలో ఒక బాలుడు చేసిన తప్పు పదవ తరగతి వరకూ అతని పేరు పక్కన నిలిచిపోతుంది. తరగతి మారినా, పుస్తకాలు మారినా, ఆ మాట మారదు. ఓడలోని 41 వలె పిల్లవాడు ఆ తప్పు పేరుతోనే పిలువబడతాడు.

అటువంటి పిల్లవాని కాలి సంకెలను ఒక ఉపాధ్యాయుడు ఎందుకో విప్పి ఉంచితే, రేపు మునిగేవారిని కాపాడేది అతడే కావచ్చు. ఏరియస్ చేసిన పని అంతకంటే ఎక్కువ కాదు. అధికారి కొరడా ఎత్తినప్పుడు దప్పికగొన్నవాని పక్కన ఒకరు లేచి నిలబడితే చాలు. ప్రసంగం అక్కరలేదు. నజరేతులో ఆయన ఒక్క మాట కూడా అనలేదు.

పిల్లలకు ఈ చిత్రాన్ని చూపించే తలిదండ్రులు రథాల పందెం అయిపోగానే లేచిపోకుండా చివరివరకూ కూర్చోవడం మంచిది. గెలిచినవాడు ఎందుకు సంతోషంగా లేడని పిల్లలు అడుగుతారు. అడిగినప్పుడు సమాధానం చెప్పడానికి, తమ ఇంటిలో ఎవరితో మాటలు లేవో, ఎంతకాలంగా లేవో పెద్దలు ఒకసారి తలచుకోవలసి వస్తుంది. ఆ తలపు ఎవరినైనా ఒక పాత గడప వరకూ నడిపించి, తలుపు తట్టించితే, ఈ చిత్రం చూసినందుకు ప్రయోజనం దక్కినట్టే.